కదిలితేనే కబురు

మా అత్తగారింట్లో దొంగలు పడింది ఒకే ఒక్కసారి. అదీ నా పెళ్ళికి చాలా ముందు. వాడు పట్టుకుపోయినవి ఒక ఇత్తడి బిందె, సగం అరిసెలున్న డబ్బా. మర్నాడు ఆ డబ్బా ఖాళీగా కాలవగట్టు మీద దొరికిందట. "పాపం, ఆకలితో వచ్చుంటాడు. అడిగితే బిందె కూడా ఇచ్చేదాన్నే" అని ఆవిడ ఇప్పటికీ అంటూ వుంటారు. అలాంటి ఇంటికి మేము దొంగల్ని పట్టే కెమెరాలు పెట్టించాం!

నిజానికి పెట్టించింది దొంగల కోసం కాదు లెండి. మామగారు పోయాక ఆవిడ ఒక్కరే అయిపోయారు. వూరు దివిసీమలో, కోడూరు దాటి ఇంకా లోపలికి. మేమేమో బందరులో. చల్లపల్లి, మోపిదేవి మీదుగా వెళ్ళి, పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటి, అవనిగడ్డ చేరి, అక్కణ్ణించి మళ్ళీ వెళ్ళేసరికి గంటన్నర పైమాటే. "మా దగ్గరికి వచ్చెయ్యండి అత్తయ్యా" అని అడగని నెల లేదు. వస్తారు. మూడు రోజులుంటారు. నాలుగో రోజు పొద్దున్నే సంచీ సర్దుకుని సోఫాలో కూర్చుంటారు.

"మీ ఇంటికి వాకిలేదే అమ్మాయ్? రెండో అంతస్తులో లిఫ్టు ముందు ముగ్గు పెట్టుకోమంటావా?" అంటారు.

దానికి నా దగ్గర జవాబు లేదు. నవలల్లో ఎంతోమంది అత్తగార్ల చేత ఎన్నో మాటలు పలికించిన దాన్నే గాని, ఈవిడ మాటకి ఎదురుమాట ఏనాడూ తోచలేదు.

ఫోను చేస్తే ఎత్తరు. ఎత్తితే వినపడదు. ఒకనాడు సాయంత్రం నుంచీ పదకొండు సార్లు చేశాం. చివరికి మావారు స్కూటరు తాళాలు చేతిలోకి తీసుకుని గుమ్మం దాటుతుంటే ఆవిడే చేసి, "ఫోను బియ్యం డబ్బా మీద పెట్టి గుళ్ళో హరికథకి వెళ్ళానురా అబ్బాయ్, ఏమిటంత కంగారు?" అన్నారు. కెమెరాల మాట వచ్చింది ఆ రాత్రే.

గుడివాడలో మా అన్నయ్య కొడుకు ఇలాంటి పనులే చేస్తూ వుంటాడు. ఒక ఆదివారం నిచ్చెన, డ్రిల్లింగు మిషను, వైర్ల చుట్టలతో దిగాడు. అరుగు మీద ఒక కెమెరా, వాకిలి కనపడేటట్లు. పెరట్లో ఒకటి, నూతిగట్టూ తులసికోటా కనపడేటట్లు. "ఏదైనా కదిలితే చాలత్తా, నీ ఫోను టింగుమంటుంది. ఇంక నువ్వు హాయిగా నిద్రపో" అన్నాడు.

ఆ హాయి ఎలాంటిదో ఆ రాత్రే తెలిసింది. తెల్లారేలోగా 47 సార్లు టింగుమంది! నేను లేవటం, కళ్ళజోడు వెతుక్కోవటం, ఫోను చూడటం, "మీ అమ్మగారి పిల్లండీ" అనటం. మళ్ళీ టింగు. "కొబ్బరాకండీ." మళ్ళీ టింగు. "ఆరేసిన చీరండీ." రెండు గంటలకి వచ్చిన బొమ్మలో పావురమంత తెల్లటి ముద్ద ఒకటి అరుగు మీద తేలుతూ పోయింది. నాకు ఒళ్ళు జలదరించింది. మావారు ఒక కన్ను తెరిచి చూసి, "దోమ" అని అటు తిరిగి పడుకున్నారు.

మావారు ఫిజిక్సు లెక్చరరు. నేను బి.ఎ. ఇలాంటి దంపతుల ఇంట్లో ఏ సామాను చెడినా ముందు ఒక పాఠం వుంటుంది, తరవాతే రిపేరు. పొద్దున్నే కాఫీతో పాటు పాఠం మొదలైంది.

"అరుగు మీద కెమెరాకి మనిషంటే ఏమిటో తెలీదు. దానికి తెలిసింది తేడా ఒక్కటే. ఇప్పటి బొమ్మనీ క్షణం క్రితం బొమ్మనీ పక్కపక్కన పెట్టుకుని చూస్తుంది. చాలా చుక్కలు మారితే ఏదో కదిలిందంటుంది. కదిలింది దొంగా, కొబ్బరాకు నీడా దానికి అనవసరం. రాత్రిళ్ళు మన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగించుకుంటుంది. అద్దానికి జానెడు దూరంలో ఎగిరే దోమ మీద ఆ వెలుగు పడితే అది పావురమంత కనపడుతుంది."

"పెరట్లోది?"

"అది బాటరీది. అది ముందు వేడిని పసిగడుతుంది. చుట్టూ వున్న వేడి కంటే తేడాగా వున్న ఒళ్ళు ఏదన్నా దాని ఎదురుగా అడ్డంగా నడిస్తే లేచి బొమ్మ తీస్తుంది. లేకపోతే నిద్రపోతుంది. అడ్డంగా నడిచినంత బాగా తిన్నగా ఎదురొస్తే పట్టలేదు."

ఆ పై ఆదివారం అందరం దివిసీమ వెళ్ళాం. మేనల్లుడు నిచ్చెనెక్కి చూస్తే కెమెరా అద్దం మూల సాలీడు గూడు కట్టేసింది. పక్కనే బల్బు, బల్బు చుట్టూ పురుగులు. సాలీడుకి ఇంతకంటే మంచి హోటలు ఎక్కడ దొరుకుతుంది? గాలికి ఆ దారాలు వూగినప్పుడల్లా బందరులో నా ఫోను టింగుమంటోందన్నమాట. పైగా సముద్రపు గాలికి అద్దం మీద సన్నగా ఉప్పు పొర. మెత్తటి గుడ్డ తడిపి తుడిచాం. బల్బుని అవతలి స్తంభానికి మార్చాం. ఫోనులో వాకిలి బొమ్మ మీద వేలితో గీత గీసి, కొబ్బరి చెట్టునీ రోడ్డునీ గీత బయట వదిలేశాం. సున్నితత్వం అని ఒక మీట వుంటుంది. దాన్ని తొంభై నుంచి నలభైకి దించాం.

అత్తగారు ఇదంతా అరుగు మీద కూర్చుని చిక్కుళ్ళు ఈనెలు తీస్తూ చూస్తున్నారు.

"ఒరే అబ్బాయ్, పామొస్తే చెబుతుందా ఇది?"

నవ్వుకోవలసిన ప్రశ్న కాదు. దివిసీమలో పాము భయం వుత్తుత్తి భయం కాదు. 2018లో పాముకాట్లు మరీ ఎక్కువైపోయి, ఆ ఆగస్టులో ప్రభుత్వం వారే మోపిదేవి గుళ్ళో సర్పశాంతి యాగం చేయించారు. చేల గట్ల మీద రక్తపింజరలకి లోటు లేదు. మావారు నిజాయితీగా నసిగారు. పాముకి తన వేడంటూ వుండదు, నేల వేడే దాని వేడి, కనక పెరటి కెమెరాకి అది ఆనటం కష్టం అన్నారు.

"పిల్లినీ దోమనీ చెబుతుంది గాని పామును చెప్పదన్నమాట. మంచిదే కొన్నారు" అని ఆవిడ మళ్ళీ చిక్కుళ్ళలో పడిపోయారు.

వేసవిలో ఇంకో చోద్యం. మే నెల మిట్టమధ్యాహ్నం ఆవిడ పెరట్లో వడియాలు పెట్టారు. నాలుగు సార్లు అటూ ఇటూ తిరిగారు. కెమెరా ఒక్కసారీ కిమ్మనలేదు. కారణం అదే. ఆ ఎండలో గోడ వేడీ, మనిషి ఒంటి పై వేడీ దగ్గర దగ్గరగా వచ్చేస్తే దానికి తేడా తెలీదు. ఈ సంగతి ఫోనులో చెబితే, "అంటే ఎండలో నేనూ గోడా ఒకటేనా?" అని అడిగారు. అవునని ఎలా చెప్పను చెప్పండి?

"మన బందరులో వాతావరణశాఖ వాళ్ళ డాప్లర్ రాడారుకీ ఇదే తంటా" అని మావారు దాన్ని వెనకేసుకొచ్చారు. "వాన మీద పడి తిరిగొచ్చే ప్రతిధ్వనితో పాటు మేడల మీదా చెట్ల మీదా పడి వచ్చేదీ దానికి చేరుతుంది. ఏది దగ్గరికొస్తోందో, ఏది దూరమవుతోందో వేగం కట్టి, కదలకుండా వున్నదాన్ని చెత్త కింద తీసేస్తుంది."

కదలకుండా వున్నదాన్ని చెత్త కింద తీసేస్తుంది... ఆ మాట అప్పుడు నేను పట్టించుకోలేదు.

అసలు తప్పు నేను చేసింది ఆ తరవాత. ఎన్ని సర్దినా పగటిపూట టింగులు తగ్గలేదు. పాలవాడు, కూరలమ్మి, కోడిపిల్లలు. సీరియల్లో నాయిక ఉత్తరం చించబోతూ వుంటుంది, టింగు! నాయికా నేనూ ఇద్దరం వులిక్కిపడేవాళ్ళం. చివరికి విసుగెత్తి నేనే ఫోనులో వేళలు పెట్టాను. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మాత్రమే చెప్పు, మిగతా వేళ నోరు మూసుకో అని. రోజుకి అరవై అబద్ధాలు చెప్పేవాడి నోట అరవై ఒకటో మాట నిజమే వచ్చినా వినబుద్ధి కాదు కదా! పెరటి కెమెరా సున్నితత్వం కూడా ఇంకాస్త దించేశాను. ప్రాణం హాయిగా వుంది.

రెండు వింతలు మాత్రం కనపడ్డాయి. ఒకటి, పదింటినుంచి అని పెట్టినా సాయంత్రం ఏడున్నరకే మోగటం మొదలెట్టేది. "త్వరగా డ్యూటీ ఎక్కుతోంది, మనకేం నష్టం?" అనుకున్నాం. రెండోది, ఒక పొద్దున పాత బొమ్మలు తిరగేస్తుంటే, రాత్రి 10 దాటి పది నిమిషాలకి ఎదురింటావిడ గిన్నెతో మా అత్తగారి అరుగెక్కుతున్నట్టు వుంది. వేళాకోళంగా ఫోను చేశాను.

"ఏమిటి అత్తయ్యా, రాత్రి పదింటి దాకా కబుర్లాడుకుంటున్నారట!"

"పదేమిటే? ఏడూ నలభైకి పప్పు ఇచ్చి వెళ్ళింది. ఎనిమిదింటికల్లా నేను పడుకున్నాను."

"కెమెరాలో టైముంది అత్తయ్యా."

"అయితే అదే నిజం కాబోలు" అని ఆవిడ వూరుకున్నారు. పెద్దావిడ, టైము మరచిపోయి వుంటారని మేమూ వూరుకున్నాం. డెబ్బై ఏళ్ళకి దగ్గరపడ్డ మనిషి మాట కంటే, వచ్చి ఆరు నెలలైనా కాని పెట్టె మాటే మాకు నిజమనిపించింది.

పోయిన కార్తీకంలో ఒక తెల్లవారుజామున ఆరు గంటలకి ఫోను మోగింది. టింగుమని కాదు, మామూలుగానే. ఎదురింటావిడ.

"కంగారు పడకండమ్మా. పిన్నిగారు పెరట్లో జారి పడ్డారు. తెలివిగానే వున్నారు. చెయ్యి వాచింది. మీరు బయలుదేరండి."

ఆ గంటన్నర ప్రయాణం ఎలా చేశామో నాకు తెలీదు. దారి పొడవునా మావారు ఒక్క పాఠమూ చెప్పలేదు.

కార్తీక స్నానానికని నాలుగింటికి లేచి నూతి దగ్గరికి వెళ్ళారట. గట్టు మీద పాచి. కాలు జారి పడ్డారు. మణికట్టు విరిగింది, చీలమండ బెణికింది, లేవలేకపోయారు. పిలిస్తే పలికే దూరంలో అంత పొద్దున్నే ఎవరున్నారు? అవనిగడ్డ తీసుకెళ్ళి కట్టు కట్టించి బందరు తీసుకొచ్చాం. తుంటి ఎముక విరగనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాం.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక నేను ఫోను తీసి పెరటి బొమ్మలు చూశాను. వేళలు పెట్టింది కబురు చెప్పటానికే, బొమ్మ తీయటానికి కాదు. కనక బొమ్మ వుంది. 6 గంటల 35 నిమిషాలు అని వుంది. చీకటి. బకెట్టుతో ఆవిడ వస్తారు. జారతారు. పడతారు. అక్కడితో ఆ బొమ్మ అయిపోయింది. దాని తరవాతది 8 గంటల 15 నిమిషాలు. ఎదురింటావిడ పరుగెత్తుకు రావటం. మధ్యలో ఏమీ లేదు. ఆ గంటా నలభై నిమిషాలూ కెమెరా లెక్కలో మా పెరట్లో ఏమీ జరగలేదు. ఆవిడ కదలటం లేదు కదా! నేను దించిన మీటకి, ఆవిడ ఎప్పుడైనా చెయ్యి ఎత్తివుంటే అదీ ఆని వుండదు.

6 గంటల 35 నిమిషాలేమిటి? ఆవిడ పడింది నాలుగింటికి కదా! అప్పుడు వెలిగింది నాకు. మావారిని లేపాను. పొద్దున్నే గుడివాడ ఫోను చేశాం. వాడు కాసేపు మాట్లాడలేదు.

"అత్తా... గడియారం చైనా టైములో వుండిపోయినట్టుంది. మనకంటే రెండున్నర గంటలు ముందు. పెట్టేటప్పుడు దేశం మార్చటం మరచిపోయాను" అన్నాడు. గొంతు వణికింది.

అంటే నేను పెట్టిన 10 నుంచి 6, అసలు లెక్కలో సాయంత్రం ఏడున్నర నుంచి తెల్లవారుజాము మూడున్నర. ముందే మొదలైంది ముందే ముగుస్తుందన్న సంగతి బి.ఎ. దానికి తట్టలేదంటే సరే, ఫిజిక్సు చెప్పే ఆయనకీ తట్టలేదు. ఆవిడ పడ్డ వేళకి ఆ కెమెరా డ్యూటీ దిగి అరగంట దాటింది. ఏడూ నలభైకని ఆవిడ చెప్పిన మాట వినివుంటే ఆరోజే దొరికేది. వాణ్ణి నేను ఏమీ అనలేదు. ఏ నోటితో అంటాను? నోరు మూసుకో అని చెప్పింది నేను.

ఇంతకీ ఎదురింటావిడకి ఎలా తెలిసింది? అదే అడిగాను.

"ఏముందమ్మా, పాలకి వెళ్తూ చూశాను. ఐదున్నర దాటినా వాకిట్లో నీళ్ళు చల్లలేదు, ముగ్గు లేదు. కార్తీకమాసంలో పిన్నిగారి వాకిట ముగ్గు పడకపోవటమా? కాలు ముందుకు పడలేదు. పక్క సందులోంచి పెరట్లోకి వచ్చాను" అంది. అంతే. ఆవిడకి ఏదీ కదలనక్కరలేదు. కదలవలసింది కదలకపోతే చాలు.

ఈ మాట అత్తగారితో అన్నాను. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని చాలాసేపు వూరుకున్నారు. తరవాత, ఎప్పుడూ ఆ సంగతి ఎత్తని మనిషి, తనంతట తనే ఎత్తారు.

"అదీ కార్తీకమాసమేనే. నేను కాపురానికొచ్చిన ఏడు."

1977 నవంబరు 19. దివిసీమలో ఆ తేదీ తెలియని ఇల్లుండదు. ఉప్పెన వచ్చి ఒక్కరోజులో దాదాపు పదివేల ప్రాణాలు తీసుకుపోయింది. వీళ్ళ కుటుంబం వూళ్ళో ఉన్న ఒక్క డాబా మీదికెక్కి బతికింది.

"రాత్రంతా గాలి హోరు, నీళ్ళ హోరు. దానికి భయపడ్డాం, నిజమే. కానీ అసలు భయం తెల్లారాక. హోరు తగ్గింది. కోడి కూయలేదు. గేదె అరవలేదు. ఎవరింట్లోనూ చెంబు చప్పుడు లేదు. అప్పుడు మీ మామగారు ఒక్కో ఇంటి పేరూ పెట్టి గట్టిగా పిలిచారు. ఎవరు పలికారని కాదే, ఎవరు పలకలేదని చూసుకుని నీళ్ళలోకి దిగారు మగవాళ్ళు. అప్పటినుంచీ మా వీధిలో అంతే. పొద్దున్నే ఎవరి వాకిలి ఎలా వుందో చూడకుండా ఎవరూ ముందుకెళ్ళరు."

నేను మాట్లాడలేకపోయాను. ఆ చూపుని నేను ఇన్నాళ్ళూ పల్లెటూరి ఆరా అనుకున్నాను. మా లిఫ్టులో రోజూ కనపడే పై అంతస్తు ముసలాయన నాలుగు రోజులుగా కనపడటం లేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. వెళ్ళి తలుపు తట్టాను. జ్వరంట, తగ్గిందిట. "అడిగినందుకు సంతోషం అమ్మా" అన్నారు. సిగ్గేసింది.

కెమెరాలు తీసెయ్యలేదు. వస్తువు తప్పేముంది? గడియారం మన దేశానికి మార్చాం. మీ ఇంట్లో కూడా వుంటే ముందు అది చూసుకోండి. బొమ్మ మీద టైమూ, గోడ మీద గడియారమూ ఒకటి అవునో కాదో. గీత గీసేటప్పుడు చెట్టుని వదిలెయ్యండి గాని నూతిగట్టుని వదలకండి. అద్దం వారానికోసారి తుడవండి. సర్దటం అయ్యాక ఒకరు పగలూ రాత్రీ కూడా అడ్డంగా ఒకసారి, ఎదురుగా ఒకసారి నడిచి చూడండి. మేము ఆ పరీక్ష చెయ్యలేదు. "కదలిక లేకపోయినా చెప్పేవి వున్నాయత్తా, ఖరీదెక్కువ" అన్నాడు మేనల్లుడు. నూతిగట్టుకి గరుకు సిమెంటు చేయించి, పట్టుకోవటానికి ఇనప గొట్టం పెట్టించాం. ఖర్చు పెట్టిన వాటన్నిటిలోకీ పనికొచ్చింది అదే. ఎదురింటావిడ నంబరు నా ఫోనులో అన్నిటికంటే పైన వుంది.

కట్టు విప్పిన నాలుగో రోజు అత్తగారు సంచీ సర్దుకుని సోఫాలో కూర్చున్నారు. ఈసారి వద్దనలేదు.

ఇప్పుడు నాకు టింగుతో పనిలేదు. పొద్దున ఆరింటికి కాఫీ కలిపి, ఫోను తీసి, అరుగు మీద కెమెరాలో వాకిలి చూస్తాను. ముగ్గు వుంటే ఆ రోజు మొదలైనట్టు. ఈ సంగతి ఆవిడకి ఎవరు చేరవేశారో తెలీదు, ఎదురింటావిడే అయివుంటుంది. పోయిన వారం చూస్తే ముగ్గు ఎప్పటిలా వీధి వైపు తిరిగి లేదు. తామరపువ్వు కాడ అరుగు వైపు, రేకులు వీధి వైపు. నా ఫోనులో సరిగ్గా నిటారుగా కనపడేటట్లు!

ఫోను చేశాను. ఆశ్చర్యం, మొదటిసారికే ఎత్తారు.

"ముగ్గు తిరగబడిందేమిటి అత్తయ్యా?"

"వీధిలో వాళ్ళు ఇన్నేళ్ళూ చూశారు లేవే. తిన్నగా కనపడుతోందా?" అన్నారు.